మధ్యలో ఇల్లు

రిటైరయ్యాక అందరూ నన్ను అడిగేది ఒకటే. "ఏం చేస్తున్నారండీ ఇప్పుడు?" బడికి వెళ్లినన్నాళ్లు ఎవరూ ఆ మాట అడగలేదు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర, బ్యాంకులో, పక్కింటి గుమ్మంలో ఎవరు కనిపించినా అడుగుతారు. జవాబు వినేలోపే "హాయిగా రెస్టు తీసుకోండి" అని సలహా ఇచ్చి వెళ్లిపోతారు. అందుకని ఒకసారి తీరిగ్గా రాసి పెడదామనిపించింది.

చెప్పుకోదగ్గదేమీ లేదు. పొద్దున ఆరింటికి కుళాయి వస్తుంది, బిందెలు పడతాను. ఏడు దాటాక గిలకలదిండి చేపల రేవు నుంచి చేపలావిడ వస్తుంది. గంప దించకుండానే బేరం మొదలుపెడుతుంది. నేను తగ్గించమనను కాబట్టి నాతో మాట్లాడడం ఆవిడకి ఏమంత సరదాగా ఉండదు. ఎండెక్కేలోగా వంటయిపోతుంది. ఆ తర్వాత మూడింటిదాకా చదువుతాను. బందరు గాలిలో తేమ ఎక్కువ, లైబ్రరీ పుస్తకాలు ఎండాకాలంలో కూడా మెత్తగా ఉంటాయి, పేజీ తిప్పితే చప్పుడు రాదు.

నేను సైన్సు టీచర్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు పేపర్లు దిద్దడమే తప్ప ఊరికే చదివింది తక్కువ. ఈ మధ్య తెచ్చుకున్న పుస్తకాల్లో సగానికి పైగా ప్రేమ నవలలే. కావాలని ఏరుకోలేదు, లైబ్రరీలో నాకు అందే ఎత్తులో ఉన్న అరలో అవే ఉన్నాయి. వాటి మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఇద్దరు ప్రేమించుకుంటారు, పెళ్లి చేసుకుంటారు, లేదా విడిపోతారు, పుస్తకం అక్కడితో సరి. పెళ్లయ్యాక ముప్ఫై ఏళ్లపాటు ఎవరు ముందు లేచారో, ఎవరు నీళ్లు పట్టారో ఒక్కరూ రాయరు. రాయడానికి ఏమీ లేక కాదు, రాయడం కష్టమై వదిలేస్తారని నా అనుమానం.

రిటైరైన వారం నేను చదువుతున్న నవలలో అయితే పెళ్లిదాకా కూడా రాలేదు. అందులో ఒకతను ఒకావిడకి తన మనసులో మాట చెప్పాలనుకుంటాడు. వర్షం వస్తుంది, చెప్పడు. రైలు వస్తుంది, చెప్పడు. ఆవిడ పెద్దమ్మ పోతుంది, అప్పుడు ఎలాగూ చెప్పలేడు. నా తరగతిలో ఉంటే బెంచీ ఎక్కించి చెప్పించేదాన్ని అని విసుక్కుంటూ చదివాను. ఆ విసుక్కోవడం గుర్తొస్తే ఇప్పుడు కాస్త సిగ్గుగా ఉంటుంది.

మా పెళ్లినాటికి ఆయన గుడివాడ బస్సు డిపోలో మెకానిక్. మరుసటి ఏడాది నాకు దివిసీమలో టీచరు ఉద్యోగం వచ్చింది. కోడూరు దాటి ఇంకా సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. గుడివాడ నుంచి అక్కడికి మూడు బస్సులు మారాలి, ఆపైన దొరికితే ఆటో, లేకపోతే నడక. రోజూ తిరిగే దూరం కాదు. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి, లేకపోతే విడివిడిగా ఉండాలి. మానమని ఆయన నన్ను అనలేదు. ఆయన్ని మానమని నేనూ అనలేదు. ఇద్దరికీ మధ్యలో బందరు ఉంది కదా అని అక్కడ రెండు గదుల ఇల్లు చూసుకున్నాం. శనివారం సాయంత్రం ఆయన గుడివాడ రైల్లో వచ్చేవారు, నేను అవనిగడ్డ బస్సులో వచ్చేదాన్ని. సోమవారం తెల్లవారుతుండగానే ఎవరి ఊరికి వాళ్లం. ఏదో రెండు మూడేళ్లు అనుకున్నది ముప్ఫై మూడేళ్లు సాగింది.

పిల్లలు లేరు. దాని గురించి డాక్టర్ల దగ్గర మాట్లాడవలసినంత మాట్లాడాం. ఇక్కడ మళ్లీ మాట్లాడను.

ఆ ఇంటికి కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. ముందు వచ్చినవాళ్లు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాలి. తర్వాత వచ్చేవాళ్లు కూరకి కావలసినవి తేవాలి. నేను అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు అరటికాయలో, బతికున్న పీతలో కొనుక్కొచ్చేదాన్ని. పీతలు సంచిలో కదులుతుంటే పక్క సీటువాళ్లు లేచి నిలబడేవారు. సోమవారం పొద్దున ఎవరి బాక్సు వాళ్లు సర్దుకోకూడదు. ఆయనది నేను సర్దాలి, నాది ఆయన సర్దాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు గుర్తులేదు. నాకు పెరుగన్నం కలపడానికి ఆయన నాకంటే ముందు లేచేవారు.

పోట్లాడుకునేవాళ్లం కాదా అని అడిగేవాళ్లున్నారు. టైమేదీ? శనివారం ఇద్దరం అలసిపోయి ఉంటాం. ఆదివారం మొదలుపెడితే సోమవారం బస్సు వేళకి పూర్తవదు. అందుకని మేం ఒకరితో ఒకరం చాలా మర్యాదగా ఉండేవాళ్లం. చేపల పులుసులో తలకాయ ముక్క ఆయన నాకు వేస్తే నేను తీసి ఆయనకి వేసేదాన్ని. ఆయన మళ్లీ నాకు వేసేవారు. చివరికి అది ఎవరికీ కాకుండా గిన్నెలో మిగిలేది. మా ఆడబడుచు ఒకసారి రెండ్రోజులుండి ఇదంతా చూసి, "మీది కాపురమా, చుట్టపుచూపా?" అని అడిగింది. అందరం నవ్వాం. ఆయన కాస్త తక్కువ నవ్వినట్టు నాకు అనిపించింది.

ఆయన నాకంటే ఏడాదిన్నర ముందు రిటైరయ్యారు. అప్పుడే బందరు వచ్చేస్తారనుకున్నాను. గుడివాడలో ఎవరిదో లారీల షెడ్డు ఉంది, పనికి రమ్మంటున్నారు అన్నారు. చేతిలో స్పానరు లేకపోతే తోచని మనిషి, వెళ్లనీ అనుకున్నాను. శనివారాలు ఎప్పటిలాగే సంచి పట్టుకుని వచ్చేవారు.

తర్వాత నా వంతు వచ్చింది. ఇంకో నెలలో రిటైరవుతాననగా ఒక బుధవారం ఫోనులో ఆయనకో మాట చెప్పాను. "ఇక్కడ ప్రైవేటు స్కూలువాళ్లు పదో తరగతికి చెప్పమని అడుగుతున్నారండీ. గది కూడా ఖాళీ చేయక్కర్లేదు, ఉండమంటోంది ఇంటావిడ." ఇందులో అబద్ధం లేదు. కాని ఒప్పుకుందామనే ఉద్దేశంతో చెప్పలేదు. ఇంకా ఎందుకు, వచ్చేయ్ అంటారేమోనన్న ఆశతో చెప్పాను.

"మంచిదేగా. నీకూ ఊసుపోతది," అన్నారాయన.

"మంచిదే," అన్నాను నేను.

ఫోను పెట్టేశాక చాలా బాధపడ్డాను. నాకప్పుడు కావలసింది ఒక్కటే, ఈ మనిషి నన్ను ఇంటికి రమ్మనాలి. ముప్ఫై మూడేళ్లలో నన్ను ఒక్కసారి కూడా ఆగమని గాని రమ్మని గాని ఆయన అడగలేదు. ఉద్యోగం ఉంది కాబట్టి అడగలేదనుకునేదాన్ని. ఉద్యోగమే లేనప్పుడు కూడా అడగకపోతే ఇక ఆ కారణం చెల్లదు.

నెలాఖరుకి బడిలో సన్మానం చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు. హెడ్మాస్టరుగారు నా ఓర్పు గురించి మాట్లాడారు, నా చేత తిట్లు తిన్న పిల్లలు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. మర్నాడు శనివారం. గదిలో మంచం, స్టవ్వు ఉంచేసి, బట్టలూ పుస్తకాలూ రెండు సంచుల్లో పెట్టుకుని బందరు వచ్చాను. గది సంగతి వారంలో చెప్తానని ఇంటావిడతో అన్నాను. తాళంచెవి నా పర్సులోనే ఉంది.

ఆయన ఆటోలోంచి సంచులు దించి హాల్లోకి తెచ్చారు. "ఇయ్యి ఎక్కడ పెట్టను?"

"ఎక్కడో చోట పెట్టండి."

గోడవారగా పెట్టారు. విప్పి బీరువాలో సర్దుకో అంటారని ఆదివారమంతా చూశాను. అనలేదు. నా అంతట నేను విప్పితే, పిలవని పేరంటానికి వచ్చి పీట వాల్చుకున్నట్టుంటుందని విప్పలేదు. ఆదివారం గోంగూర పచ్చడి నూరాను, బొమ్మిడాయిల పులుసు పెట్టాను, సాయంత్రం కుర్చీ వేసుకుని నవల చదివాను. ఆయన రెండుసార్లు వచ్చి ఆ సంచుల వైపు చూసి వెళ్లారు. నేను చూడనట్టు పేజీ తిప్పాను.

సోమవారం నాలుగున్నరకి అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. లేచేసరికి వంటింట్లో గరిటె చప్పుడు. ఆయన పెరుగన్నం కలుపుతున్నారు, నా బాక్సు పక్కనే తెరిచి ఉంది. పంపించేస్తున్నారన్నమాట అనుకున్నాను. ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. వెళ్లి స్నానం చేసి చీర కట్టుకుని వచ్చాను. ఆయన నా చీర వైపు చూసి స్కూటరు బయటికి తీశారు. నేను ఆయన బాక్సు సర్దడం మొదలుపెడితే, "నాకొద్దులే, ఇవాళ రైలు లేటు," అన్నారు. రెండు సంచులూ తెచ్చి గుమ్మంలో పెట్టాను. చిన్నది తీసుకుని స్కూటరు మీద కాళ్ల దగ్గర పెట్టుకున్నారు.

"పెద్దది బస్సులో కష్టం. ఉండనీ," అన్నారు.

"సరే," అన్నాను.

బస్టాండులో ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాం. బస్సు రాగానే ఆయన సంచి లోపల పెట్టి, కిటికీ దగ్గరికొచ్చి, ప్రతి సోమవారం అనే మాటే అన్నారు. "దిగంగానే ఫోన్ చెయ్." నేను తలూపాను. రిటైరైపోయిన టీచరు, బడే లేని ఊరికి, పొద్దున అయిదింటి బస్సులో బయల్దేరింది. వేరే ఎవరి సంగతైనా అయితే నేనే చెప్పి నవ్వేదాన్ని.

ఆ బస్సు కండక్టరు నన్ను ఏళ్లుగా ఎరుగును. అతని కూతురు నా దగ్గరే చదివింది. చల్లపల్లి దాటాక వెనక్కి వచ్చి, "మేడంగారూ, మీకు సన్మానం అయిపోయిందని మా పాప చెప్పిందండీ. మరి మళ్లీ ఎటండీ?" అన్నాడు.

ఎటో నాకూ తెలియదు. "అవనిగడ్డ దాకా," అన్నాను.

పులిగడ్డ వంతెన మీదికి వచ్చేసరికి వెలుగొచ్చింది. అవనిగడ్డలో దిగి కోడూరు బస్సు ఎక్కకుండా బస్టాండులో బల్ల మీద కూర్చున్నాను. ఫోను చేయలేదు. ఆకలి కూడా వేసింది, బాక్సు తెరిచాను. పెరుగన్నం మీద నూనె తేలితే నాకు పడదు. అందుకని ఆవకాయ ముక్కని అరిటాకులో చుట్టి, దారం కట్టి, విడిగా పెట్టారు. ఎప్పుడూ అలాగే పెడతారు. ఆ దారం ముడి విప్పుతూ చాలాసేపు కూర్చున్నాను. ఇంత చూసుకునే మనిషి ఉండమని ఎందుకు అనడు?

ఆ ప్రశ్న వేసుకున్నాక నా సంగతి కూడా ఆలోచించవలసి వచ్చింది. పన్నెండేళ్ల కిందట బదిలీల కౌన్సెలింగులో నా నంబరు వచ్చేసరికి గూడూరు మండలంలో ఒక బడి ఖాళీగా ఉంది. బందరు నుంచి రోజూ వెళ్లి రావచ్చు. ఆయన కూడా గుడివాడ నుంచి రోజూ రైల్లో తిరగవచ్చు. అధికారి "గూడూరేనా, రాసుకోనా?" అని పెన్ను పట్టుకుని అడిగారు. నేను దివిసీమలోనే ఇంకో బడి పేరు చెప్పాను. ఆయనతో మాత్రం దగ్గర్లో ఏమీ దొరకలేదన్నాను. శని, ఆదివారాల మనిషిగానే ఉంటే చాలు, రోజూ కనిపిస్తే ఆయనకి మొహం మొత్తుతుంది అనుకున్నాను. మర్యాదలన్నీ రెండు రోజులకే సరిపోతాయని నా భయం. నవలలో అతన్ని బెంచీ ఎక్కించాలనుకున్న దాన్ని, నేను చేసింది ఇది.

ప్రేమ గురించి నేనేమైనా కనిపెట్టానంటే ఆ బల్ల మీదే కనిపెట్టాను, అదీ పెద్ద విషయం కాదు. అవతలి మనిషి అడగలేదని మనం బాధపడుతున్నప్పుడు, అవతలి మనిషి కూడా అదే బాధలో ఉండవచ్చు. ఇద్దరిలో ఒకరు సిగ్గు వదిలేయాలి. బాక్సు కడుక్కుని, గుడివాడ వెళ్లి అడిగేద్దామనుకున్నాను. మీకు నేను ఇంట్లో కావాలా, వద్దా? వద్దంటే దివిసీమలో గది ఉండనే ఉంది, ప్రైవేటు స్కూలు ఉంది, బతికేస్తాను. కాని ఆ మాట ఆయన నోటితో వినాలి.

బందరు బస్సెక్కాను. ముందు ఇంట్లో సంచి పడేసి, మధ్యాహ్నం రైలుకి గుడివాడ వెళ్దామని ఇంటికి వెళ్లేసరికి పదిన్నరయింది. గుమ్మం ముందు ఒకతను మోటారుసైకిలు ఆపి తలుపు కొడుతున్నాడు. లుంగీ పైకి కట్టుకున్నాడు, చేతులకి గ్రీజు ఉంది. తలుపుకి తాళం లేదు.

"మేస్త్రీగారు ఉన్నారాండీ?" అన్నాడు నన్ను చూసి. "పొద్దున్నించి బోటు కాడ చూస్తన్నాం. ఒంట్లో బాగోలేదేమోనని కనుక్కుందామని వచ్చానండీ."

"ఏ బోటు?"

"గిలకలదిండిలోనండీ. మా ఇంజన్లన్నీ ఆయనే కదండీ చూసేది. శని, ఆదివారాలు తప్పితే ఏడాది పైనుంచి ఒక్కరోజు మానింది లేదు. అందుకే భయమేసింది."

ఆడవాళ్లు ఇట్టే కనిపెడతారని అంటారు. నేను కనిపెట్టలేదు. ఆయన చొక్కాలకి డీజిలుతో పాటు చేపల వాసన వస్తోందంటే, రైల్లో పక్కన ఖాళీ గంపలు పెట్టారన్నారు, నమ్మాను. వారమంతా తాళం వేసి ఉండే ఇంట్లో కరివేపాకు మొక్క గుబురుగా పెరిగింది, పక్కింటావిడ నీళ్లు పోస్తోందనుకున్నాను. వేసవి సెలవుల్లో రోజూ పొద్దున రైలుకని బయల్దేరి సాయంత్రం వచ్చేవారు, అదీ నమ్మాను.

తలుపు తెరుచుకుంది. ఆయన బనీను మీద ఉన్నారు. చేతిలో నేను మంచం మీద వదిలేసిన నవల, ఎక్కడిదాకా వచ్చారో తెలియడానికి మధ్యలో వేలు పెట్టి పట్టుకున్నారు. ఇంజను పుస్తకాలు తప్ప ఆయన చదవగా నేను చూడలేదు. నన్ను చూశారు, నా వెనక అతన్ని చూశారు. దొరికిపోయిన మొహం పెట్టారు.

"రేపు వస్తాలే, వెళ్లు," అన్నారతనితో.

అతను వెళ్లాక లోపలికి వచ్చి సంచి కింద పెట్టాను. ఆయన గ్లాసుతో మంచినీళ్లు తెచ్చారు.

"నీళ్లు తర్వాత. మీరు గుడివాడలో లేరా?"

"ఆ షెడ్డు మూడు నెల్లకే మూసేశారు. గదిలో ఒక్కణ్ణే కూర్చోలేక ఇక్కడికి వచ్చేశా."

"అది నాకెందుకు చెప్పలేదు?"

గ్లాసు కిటికీలో పెట్టారు. "చెబితే ఇది నేనుండే ఇల్లయిపోద్ది. నువ్వు వచ్చిపోయే మనిషివైపోతావ్. ఇద్దరం వస్తేనే ఇద్దరిదీ. అక్క చుట్టపుచూపు అంది చూడు, ఆ మాట నీకు తగలకూడదని."

"అందుకని శనివారం శనివారం స్టేషనుకి వెళ్లి వచ్చేవారా?"

"స్టేషను దాకా ఎందుకు? గుడివాడ రైలు టైమయ్యాక సంచి పట్టుకుని సందు చివర నించి నడిచొచ్చేవాణ్ణి."

ఆయన నవ్వకుండానే చెప్పారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే పట్టరాని కోపం వచ్చింది. కారణం ముచ్చటగానే ఉంది. కాని ఏడాది పైగా నన్ను వెర్రిదాన్ని చేశారు.

"మరి ఇవాళ నన్ను ఎందుకు బస్సెక్కించారు?"

"నువ్వు సంచులు విప్పలేదుగా. ప్రైవేటు స్కూలుకి వెళ్తన్నావనుకున్నా."

"మీరు విప్పమంటారని విప్పలేదు. మీరు పెరుగన్నం కలిపారు కాబట్టి చీర కట్టుకున్నాను."

"నీకు నాలుగున్నరకి మెలకువ వచ్చిద్ది, ఖాళీ కడుపుతో వెళ్తావేమోనని కలిపా." పెద్ద సంచి చూపించి, "అది ఉంటే మళ్లీ వస్తావని ఉంచా," అన్నారు.

నేను గ్లాసు అందుకుని నీళ్లు తాగాను. ఆయనే మళ్లీ, నేల వంక చూస్తూ, "నీకు అక్కడే ఇష్టం కదా. గూడూరు వచ్చినా వెళ్లలేదు కదా నువ్వు," అన్నారు.

నేను కుర్చీలో కూర్చున్నాను. "మీకెవరు చెప్పారు?"

"మీ బళ్లో డ్రిల్లు మాష్టారి తమ్ముడు మా డిపోలోనే. ఆ నెలలోనే చెప్పాడు."

"పన్నెండేళ్లుగా తెలుసా? అడగలేదేం?"

"అడిగితే ఏం చెప్పేదానివి?"

ఇదీ నేను గుడివాడ వెళ్లి ఆయన్ని అడగాలనుకున్న ప్రశ్న లాంటిదే, కాకపోతే ఆయనే ముందు అడిగారు. తప్పించుకోవడానికి బస్సు లేదు. "భయమేసింది," అన్నాను. "రోజూ చూస్తే మీకు నేనంటే విసుగొస్తుందని. శనివారం శనివారం వస్తాను కాబట్టే నన్ను ఇంత బాగా చూసుకుంటున్నారని."

ఆయన నవలని మంచం మీద పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. "నేను ఇంకోలాగ అనుకున్నా," అన్నారు.

"ఏమని?"

"నన్ను రెండ్రోజులకి మించి భరించలేవని."

పన్నెండేళ్లు. ఆ మాట లోపల పెట్టుకుని ఈయన ప్రతి సోమవారం లేచి నాకు పెరుగన్నం కలిపారు, ఆవకాయ ముక్కకి దారం కట్టారు, కిటికీ దగ్గరికొచ్చి దిగంగానే ఫోన్ చెయ్ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సన్మానంలో రాలేదు, ఇప్పుడొచ్చింది. కాదండీ, అది కాదు అని మాత్రం అనగలిగాను. ఆయన లేచి నా చిన్న సంచి తీసుకెళ్లి లోపలి గదిలో, బీరువా తలుపు తెరిచి, ఆయన చొక్కాల పక్కన పెట్టారు. గుమ్మంలో నిలబడి నన్ను చూడకుండా అన్నారు.

"ఎక్కడికీ వెళ్లమాకు."

వెళ్లనన్నాను. సోమవారం పగటిపూట మేమెప్పుడూ కలిసి ఉండలేదు. ఆయన నవల తీసి, "ఇతగాడు చివరికైనా చెప్తాడా?" అని అడిగారు. ఇంకా అక్కడిదాకా రాలేదన్నాను. వంటకి వేళయింది. ఈ మనిషి వారంలో మిగతా రోజులు ఏం తింటాడో నాకు తెలియదని అప్పుడు తట్టింది.

"మీరు సోమవారాలు ఏం వండుకుంటారు?"

"వండేదేముంది, అన్నం పెట్టుకుంటా. నువ్వు ఆదివారం నూరిన పచ్చడి ఉంటదిగా."

"అది రెండు పూటలకి కదా నేను చేసేది?"

"శుక్రవారం దాకా వచ్చేట్టు తింటా," అన్నారు.